సారా జీపు, మట్టి ట్రాకు

మా పక్క వాటాలో ఉండే పెద్దాయనకు తుంటి ఆపరేషన్ అయ్యాక కారు నడపవద్దన్నారు. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపిన మనిషి. భార్య పోయింది, కూతురు ఆస్ట్రేలియాలో ఉంటుంది. నేను ఆస్పత్రిలో నర్సుని కాబట్టి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆయన తలుపు తట్టి, ఎలా ఉన్నారో ఓసారి చూసి వచ్చేదాన్ని. ఒకరోజు ఆయన చాలా మొహమాటపడుతూ ఒక సాయం అడిగాడు. వేసవిలో శనివారం సాయంత్రాలు మేముండే క్రైస్ట్‌చర్చ్ ఊరి బయట మట్టి ట్రాకు మీద స్టాక్ కార్ రేసులు జరుగుతాయట. తనను అక్కడిదాకా దింపగలనా అని.

దింపి వచ్చేద్దామనే వెళ్ళాను. మా అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని ఆమెనూ ఎక్కించుకున్నాను. చివరికి ముగ్గురం రేసులయ్యేదాకా కూర్చున్నాం. ఇక్కడి స్టాక్ కార్లు ఒకదాన్నొకటి కావాలనే గుద్దుకుంటాయి. మట్టిగడ్డలు కంచె దాటి వచ్చి మీద పడతాయి. అమ్మ శాలువా తలమీదుగా కప్పుకుని, చిప్స్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఎర్రకారు బోల్తాపడి మళ్ళీ లేచినప్పుడు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాన్న పోయాక ఆమె అంత మైమరిచి నవ్వడం నేను చూడలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళడం మాకు అలవాటైపోయింది.

పెద్దాయన వయసులో ఉండగా అమెరికాలో నార్త్ కరోలినా అనే చోట కొన్నాళ్ళు మెకానిక్‌గా పనిచేశాడు. ఈ ఆట పుట్టిందే ఆ చుట్టుపక్కల. దారి పొడుగునా ఆ కథలే చెప్పేవాడు. స్టాక్ కార్ అంటే షోరూంలో స్టాకున్న కారు, ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు కారు. అక్కడి కొండల్లో జనం పన్ను ఎగ్గొట్టి దొంగచాటుగా మొక్కజొన్న సారా కాచేవారు. దాన్ని పట్నాలకు చేర్చే డ్రైవర్లు ఇలాంటి మామూలు కార్లనే కొని, లోపల పెద్ద ఇంజన్ బిగించేవారు. సరుకెక్కినా కారు వెనకభాగం కుంగి అనుమానం రాకుండా గట్టి స్ప్రింగులు వేసేవారు. లైట్లు ఆర్పేసి కొండమలుపుల్లో పోలీసులకు దొరక్కుండా పోయేవారు. ఎవడి బండి జోరైందో తేల్చుకోవడానికి పొలాల్లో గుండ్రంగా దారి చేసుకుని పందేలు పెట్టుకున్నారు. చూడటానికి జనం మూగారు. తర్వాత ఫ్లోరిడా సముద్రపుటొడ్డున సగం ఇసుక మీద, సగం రోడ్డు మీద రేసులు. ఆ తర్వాత కొందరు ఒక హోటల్లో కూర్చుని నియమాలు రాసుకున్నారు. ఇక తారు ట్రాకులు, టీవీలు, లక్షల జనం. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు లేని స్టీరింగును తిప్పుతూనే ఉండేవి.

వెనక సీట్లోంచి అమ్మ, ఆయనేమంటున్నాడని అడిగేది. నేను తెలుగులో చెప్పేదాన్ని.

"కొండల్లోంచి సరుకు చేరవేసే డ్రైవర్లు మొదలుపెట్టారట ఈ ఆట."

"ఏం సరుకు?"

"మొక్కజొన్న."

పూర్తిగా అబద్ధం కూడా కాదు. పాపం మొక్కజొన్న తోలుకునేవాళ్ళ వెంట పోలీసులెందుకు పడ్డారని అడిగితే, పన్ను కట్టలేదని అన్నాను. అదీ నిజమే.

నాన్నను సారా తినేసింది. నాకప్పుడు తొమ్మిదో పదో. మా ఊరికి సారా ప్యాకెట్లు కాంట్రాక్టరు జీపులో వచ్చేవి. కాలవగట్టు మీద జీపు పట్టీపట్టని ఇరుకు దారిలో ఆ డ్రైవరు జీపును రివర్సులో ఊరిదాకా తెచ్చేవాడు. పిల్లలందరం దాని వెంట పరిగెత్తేవాళ్ళం. నాన్న మంచాన పడ్డాక కూడా ఆ జీపు చప్పుడు వింటే నా కాళ్ళు ఆగేవి కావు. నాన్న పోయిన తర్వాత అమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు కలిసి ఆ జీపుకి అడ్డంగా కూర్చున్నారు. డ్రైవరు మూరెడు దూరంలో బ్రేకు వేశాడు. అమ్మ లేవలేదు. ఆమెతో, నువ్వు చప్పట్లు కొడుతున్న ఆట సారా బండ్లలోంచి వచ్చిందని ఎలా చెప్పను? చెప్పకుండా పక్కన కూర్చున్న ప్రతిసారీ, మళ్ళీ ఆ జీపు వెనకాల పరిగెడుతున్నట్టే ఉండేది.

ఒక శనివారం రెండు రేసుల మధ్య నేను టీ తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పెద్దాయన అమ్మకు ఏదో చెబుతున్నాడు. భాష రాదు కాబట్టి చేతులతోనే చెబుతున్నాడు. సీసా ఎత్తి తాగినట్టు చూపించి "విస్కీ" అన్నాడు. వెనక్కి తిరిగి "పోలీస్" అన్నాడు. స్టీరింగు గిర్రున తిప్పి పెద్దగా నవ్వాడు. అమ్మ కూడా మర్యాదకు నవ్వింది. టీ మాత్రం తాగలేదు. తర్వాతి రేసులో చప్పట్లు కొట్టలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది, "మొక్కజొన్న అన్నావు."

నేను కారు తాళాలు గోడకు తగిలించాను.

"కార్ల గురించి అన్ని కథలు చెప్పాడుగదా. ఆ సారా తాగినోళ్ళ గురించి ఏమన్నా చెప్పాడా?"

"లేదమ్మా."

"అడుగు."

అడగకుండా ఉండాల్సిందేమో. రెండు రోజులాగి, ఆయన కాలికి సాక్స్ తొడుగుతూ అడిగాను. ఎందుకన్నాడు. నాన్న సంగతి చెప్పాను. ఆయన చేతిలో కప్పు కింద పెట్టేశాడు. తాగినవాళ్ళ గురించి తనకెవరూ చెప్పలేదనీ, అడగాలని తనకూ తోచలేదనీ అన్నాడు. "ఇన్నేళ్ళూ సరదా కథలాగే చెప్పుకుంటూ వచ్చాను," అన్నాడు. తన తరఫున అమ్మకు క్షమాపణ చెప్పమన్నాడు.

చెప్పాను. అమ్మ బియ్యం కడుగుతూ వింది. "ఆయన మీద నాకేం కోపం? ఆయన కాచాడా, తోలాడా? నువ్వు తీసుకెళ్తూ ఉండు, ఒంటరి మనిషి. నేను మాత్రం రాలేనమ్మా," అంది.

నా మీద కోపమా అని అడిగాను. ఆమె నీళ్ళు వంపి, గిన్నె పొయ్యి మీద పెట్టింది.

ఇప్పుడు శనివారాలు మేమిద్దరమే వెళతాం. పెద్దాయన దారిలో వాన గురించీ, రగ్బీ గురించీ మాట్లాడతాడు. కొండల కథలు మళ్ళీ ఎత్తలేదు. ఆయన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉంటాయి. అది చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. అమ్మ నవ్వు పోగొట్టింది చాలక, ఒక ముసలాయన దగ్గరున్న ఒకే ఒక్క సంతోషాన్ని కూడా లాగేసుకున్నాను. ఒకసారి నేనే, ఫ్లోరిడా ఇసుక మీద రేసు ఎలా ఉండేదని అడిగాను. "చాలా ఏళ్ళయింది, గుర్తులేదు," అన్నాడు.

అమ్మ మాత్రం మేము బయలుదేరే వేళకు ఇద్దరికీ సరిపడా ఉప్మా డబ్బాలో సర్దుతుంది, ఆయన కోసం మిరపకాయలు వేయకుండా. ఆ డబ్బా అందుకునేటప్పుడు నేను ఆమె మొహంలోకి చూడను. మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఆయన ఎలా వెళతాడని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కానీ అసలు సంగతి అది కాదు. కార్లు ఆఖరి మలుపు తిరిగేటప్పుడు ఆయనకంటే ముందు లేచి నిలబడేది నేనే.

తిరిగొచ్చేసరికి అమ్మ మెలకువగానే ఉంటుంది. ఆయన తిన్నాడా అని మాత్రం అడుగుతుంది. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో తిన్నాడమ్మా అంటాను. ఆ గొంతు ఎందుకలా అయిందో ఆమెకు తెలుసు.