పెద్దమ్మ చెక్కకు పెట్టిన పేరు

మొన్న సాయంత్రం పుణెలో చదువుకుంటున్న మా మనవరాలు, నా కూతురి బిడ్డ, ఫోన్ చేసి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. సాండ్‌విచ్ అన్నది ఒక ఇంగ్లీషు దొర పేరట, పేకాట వదిలి లేవలేక రొట్టెల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడట, అంతే, లోకమంతా దానికి ఆయన పేరే పెట్టేసుకుందట. బర్గర్‌కేమో జర్మనీలోని ఏదో ఊరి పేరట. కెచప్ అయితే మొదట్లో టమాటాలే లేని చేపల రసమట. శనివారం నీసు ముట్టని నేను అప్పటినుంచి ఆ సీసా వైపు అనుమానంగానే చూస్తున్నాను.

వింటుంటే విసుగొచ్చింది. కూర్చుని తిన్న దొర పేరు మిగిలింది సరే, ఆ రొట్టె కాల్చి పెట్టిన మనిషి పేరేమిటని అడిగితే, అది ఎక్కడా రాయలేదని నవ్వింది. అక్కడితో ఊరుకుందా? వాళ్ల కాలేజీలో వంటల పండుగ ఉందట, ఒక్కొక్కరు తమ ఊరి వంట చేసి, పేరు ఎట్లా వచ్చిందో అట్టముక్క మీద రాయాలట, తాను మేనమామ హోటల్లో అమ్మే తెలంగాణ పిజ్జా చేస్తుందట! ఆ మాట చెవిన పడగానే నాకు పాత మంట మళ్లీ రాజుకుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో భువనగిరి బస్టాండు దగ్గర ఉన్న మా చిన్న హోటల్లో వచ్చేవాళ్లంతా పెద్దమ్మ అనే మా అత్తమ్మ తపాల చెక్క చేసేది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లాకు కలిపి, తపాల గిన్నె లోపలంతా పల్చగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి, సన్నని సెగ మీద ఎర్రగా కాలేదాకా ఉంచేది. ఆమె తపాలకు ఒక పక్క సొట్ట ఉండేది, దాని అచ్చు ప్రతి చెక్క మీదా పడేది. అంగడిలో చీరలమ్మ వచ్చే పోచంపల్లి నేతాయన ఒకాయన, ఆ సొట్ట గుర్తు లేకపోతే ఇది పెద్దమ్మ చేసింది కాదని మూతి ముడిచేవాడు. అట్లా తిన్నవాళ్ల నోటివెంటే దానికి పెద్దమ్మ చెక్క అని పేరొచ్చింది.

తర్వాత మా పెద్దోడు హోటలు చేతికి తీసుకుని, పట్నం కార్లు ఆగాలంటే ఇట్లనే ఉండాలని రంగుల ఫ్లెక్సీ కట్టి, పెద్దమ్మ పేరు తీసేసి తెలంగాణ పిజ్జా అని రాయించాడు. చదువు రాని అత్తమ్మ బోర్డు కింద నిలబడి చదివి చెప్పమంటే చెప్పాను. అది విని, "గా పిజ్జా ఎవలు బిడ్డా? మన దిక్కు మనిషేనా?" అంది.

నేతాయన మాత్రం గల్లా ముందు కయ్యం పెట్టుకున్నాడు. "పిజ్జా గిజ్జా నాకొద్దు, పెద్దమ్మ చెక్క ఉంటే పెట్టు."

"రెండూ ఒకటేనే కాకా" అన్నాడు మావాడు.

"ఒకటే అయితే పేరెందుకు మార్చినవ్‌రా?"

నేనూ కొడుక్కి నెమ్మదిగా చెప్పి చూశాను, నెమ్మదిగా చెబితే మా ఇంట్లో ఎవరికీ వినపడదు. అత్తమ్మ చెక్క చేయడం మానలేదు. కొన్నేళ్లు ఆ బోర్డు కిందే చేసి చేసి కాలం చేసింది.

అందుకే మనవరాలికి ఈసారి కాస్త గట్టిగానే చెప్పాను, పెద్దమ్మ చెక్క అని రాయమని. ఆ పిల్ల ఊరుకోదు కదా, "అందరికీ ఒక పెద్దమ్మ ఉంటది, ఈమె పేరేంది అమ్మమ్మా?" అంది.

మా మామకు ఆమె 'ఏమే', మాకు అత్తమ్మ, మనవలకు అవ్వ, బస్టాండుకంతా పెద్దమ్మ. ఎప్పుడో ఒకసారి మర్రిగూడ నుంచి వచ్చే ఆమె అన్న ఒక్కడే వాకిట్లోంచి పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పిలుపును చెవుల్లో వెతుక్కుని చెప్పాను, బుచ్చమ్మ అని.

నిన్న ఫోటో పంపింది. చెక్క గుండ్రంగా, సొట్ట లేకుండా వచ్చింది, పక్కన అట్ట మీద బుచ్చమ్మ చెక్క అని ఉంది. తెలుగు రాని పిల్లలంతా ప్లేట్లు పట్టుకుని ఇంకో బుచ్చమ్మ, ఇంకో బుచ్చమ్మ అని అడిగారట. మన కాలంలో తినేవాడికి చేసిన చెయ్యి తెలిసేది, పేరుతో పని ఉండేది కాదు. ఇప్పుడు చెయ్యి తెలియదు, పేరైనా ఉండనీ అనుకుంటున్నాను. బతికినన్నాళ్లూ ఆమెను అంతమంది పేరు పెట్టి పిలవలేదు. ఇక్కడ భువనగిరిలో మాత్రం బోర్డు మీద ఇంకా పిజ్జాయే ఉంది.