పడ్డప్పుడు నవ్వినవాళ్లం

తొమ్మిదో తరగతిలో నేను ఖోఖో జట్టులో ఉండేదాన్ని. హన్మకొండలో ఆడపిల్లల బడి మాది. ఎవరితో ఆడినా ఓడిపోయేవాళ్లం. మిగతా జట్లు మాతో ఆట పడిందంటే సంబరపడేవి.

జట్టులో నిజంగా ఆట వచ్చినది ఒక్కతే, నా దోస్తు. పరకాల దగ్గరి ఊరి రైతు బిడ్డ, హాస్టల్‌లో నా పక్క మంచం ఆమెది. లావుగా ఉండేది. అయినా స్తంభం దగ్గర ఆమె దూకిందంటే ముందు పరుగెత్తే పిల్ల చేతికి చిక్కాల్సిందే.

డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి. నర్సంపేటలో పోటీలకు పదిరోజుల ముందు మా పీటీ టీచర్ మమ్మల్ని మ్యాట్నీకి తీసుకుపోయింది. హిందీ సినిమా. ఒక గల్లీలో ఎందుకూ పనికిరారనిపించుకున్నవాళ్లంతా ఫుట్‌బాల్ జట్టు కడతారు. ఒక టైలరు, కళ్లద్దాలు తీస్తే ఏమీ కనబడని గుమాస్తా, బొజ్జ ఉన్న మిఠాయి దుకాణమాయన. సినిమా అంతా పడతారు, దెబ్బలు తింటారు, జనం నవ్వుతారు. చివరికి మిఠాయి ఆయన కాలు జారి బంతి మీద పడితే, అది ఎగిరిపోయి గోల్ అవుతుంది. అదే గెలుపు.

పొట్ట పట్టుకుని నవ్వాం. చివర్లో నాకు ఏడుపు కూడా వచ్చింది. మాలాంటివాళ్లను ఎవరో తెర మీద పెట్టి గెలిపించారు, అదీ మమ్మల్ని మార్చకుండానే. బయటికి వస్తూ టీచర్, మీరు కూడా ఇట్లనే గెలుస్తరని చెప్పింది. నమ్మాం.

ఆ రాత్రే పాత్రలు పంచుకున్నాం. గుమాస్తా నేను. మిఠాయి ఆయన ఎవరని ఎవరూ అడగలేదు. అందరూ ఆమె వైపే చూశారు. "మిఠాయోడా" అని మొదట పిలిచింది నేనే. ఆమె కూడా నవ్వింది. రోజూ పడుకునే ముందు బంతి మీద పడ్డట్టు మంచం మీద పడి చూపించేది. ఒకసారి బట్టలు పిండుతూ, ఇంక ఆ పేరుతో పిలవొద్దని నాతో మెల్లగా చెప్పింది. సరే అన్నాను. సాయంత్రం గ్రౌండ్‌లో మళ్లీ పిలిచాను.

నర్సంపేటలో జనం బాగానే వచ్చారు. ఎందుకో ఆ రోజు మేం బాగా ఆడుతున్నాం. తరుముతూ వచ్చి ఆమె వీపు మీద తట్టి "ఖో" అన్నది నేనే. ఆమె లేచి ఉరికింది, స్తంభం దగ్గర దూకింది, కాలు మడతపడి దాని మీదే కూలబడింది. చుట్టూ జనం గొల్లుమన్నారు. మేమూ నవ్వాం. అచ్చం మంచం మీద పడ్డట్టే పడింది మరి.

"లేవొస్తలేదే," అంది.

"యాక్టింగ్ చాలు, లే," అన్నాను. దాంతో జట్టంతా ఇంకా నవ్వింది. టీచర్ కూడా నవ్వుకుంటూనే వచ్చి, వంగి ఆమె మోకాలు చూసి, ఒక్కసారిగా మా మీద అరిచింది.

వరంగల్ దవాఖానలో కట్టు కట్టారు. వాళ్ల నాయన వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. ఆమె పరీక్షలకు రాలేదు, ఆ తర్వాత బడికే రాలేదు.

ఎండాకాలం సెలవుల్లో బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. వాకిట్లో కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది. లేచి లోపలికి పోతుంటే చూశాను, కుడికాలు ఈడ్చి వేస్తోంది. వాళ్లమ్మ నాకు సల్ల ఇచ్చి, ఇంత దూరం వచ్చినవా బిడ్డా అని సంతోషపడింది. వాళ్లమ్మ పొలానికి పోయేదాకా నా దోస్తు బడి ముచ్చట్లే అడిగింది. తర్వాత, చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"నువ్వు గూడ నవ్వినవా?"

"లేదే," అన్నాను.

"నేను నీ దిక్కే సూసిన."

 నేను కూడా కూర్చుని కాసేపు తొడిమలు తీశాను. సాయంత్రం బస్సుకు వచ్చేశాను. మళ్లీ పోలేదు.

మరుసటి ఏడు స్తంభం దగ్గర వేరే పిల్లను పెట్టారు. ఆ ఏడు మేం కప్పు గెలిచాం. ప్రార్థన దగ్గర టీచర్ మమ్మల్ని వరుసగా నిలబెట్టి, నిరుడు పడ్డ జట్టే ఈసారి లేచి నిలబడ్డదని చెప్పింది. బడంతా చప్పట్లు కొట్టింది. పడింది జట్టు కాదని నాకు తెలుసు. కప్పు ఒక చెవి పట్టుకుని ఫోటో దిగాను.

ఎనభైలలో మా ఇంట్లో టీవీ వచ్చింది. అప్పుడప్పుడు అలాంటి సినిమాలు వేసేవాళ్లు. పనికిరానివాళ్ల జట్టు, పడటం, నవ్వులు, చివర్లో గెలుపు. పని వదిలేసి వచ్చి కూర్చునేదాన్ని. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వేదాన్ని, గెలిచినప్పుడు కళ్లు తడిసేవి. ఆ సినిమాలంటే నాకు విరక్తి కలిగిందని రాస్తే బాగుండేది. కలగలేదు.