హమీదాబీ షర్బత్ కుళాయి

మొన్న పొద్దున్నే పక్కింటి మేడ మీద నుంచి ఒక చప్పుడు వినిపించింది. ఆ ఇంటి ఇల్లాలు గులాబీ మొక్కలకి మందు కొట్టడానికి కొత్తగా ప్లాస్టిక్ స్ప్రేయరు కొనుక్కుంది. పిడి పట్టుకుని గబగబా పంపు కొడుతోంది. డబ్బాలో గాలి నిండేకొద్దీ ఆ చప్పుడు బరువెక్కింది. తర్వాత ఆవిడ మూత కాస్త వదులు చేసినట్టుంది, సుయ్‌మని గాలి బయటికి పోయింది. ఎనభై దాటినవాణ్ణి, పిలిస్తే ఒక పట్టాన వినపడదని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఈ చప్పుడు మాత్రం ఎంత దూరం నుంచైనా వినపడుతుంది. విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మొక్కలూ కాదు, చెరకు తోటలూ కాదు. హమీదాబీ.

అరవైల్లో అనకాపల్లి స్టేషను నుంచి బెల్లం మార్కెట్టుకి వెళ్లే దారిలో ఆమె షర్బత్ దుకాణం ఉండేది. దానికి ఎదురుగా నేను పనిచేసే స్ప్రేయర్ల రిపేరు షాపు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. చెరకుకి మందు కొట్టే ఇత్తడి డబ్బాలు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్నాయి. వాటికి వాషర్లు మార్చడం, పంపులు బాగుచేయడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాడు జిల్లాలోనే లేడని నా నమ్మకం. నాకు తప్ప ఇంకెవరికైనా ఆ నమ్మకం ఉన్నట్టు గుర్తులేదు.

హమీదాబీ దుకాణంలో ఉన్నది మామూలు షర్బత్ కూజా కాదు, కుళాయి. మద్యనిషేధం వచ్చాక విశాఖపట్నంలో దొరల కాలంనాటి క్లబ్బొకటి తన బీరు కుళాయిని పాత సామాను కింద అమ్మేసిందట. దాన్ని కొనుక్కొచ్చినవాడు ఐదు పూటలా నమాజు చేసే హుస్సేన్ సాయిబు, హమీదాబీ భర్త. అటక మీద షర్బత్ పీపా. దాని నుంచి తగరం పూత పూసిన రాగి గొట్టం కిందికి దిగి, ఐసు పెట్టెలో చుట్టలు చుట్టలుగా తిరిగి, కౌంటరు మీది పొడుగాటి ఇత్తడి కుళాయిలోకి వచ్చేది. పిడి వంచితే చల్లటి నన్నారి షర్బత్. నేను చెప్పే ఏడాదికి సాయిబు పోయి రెండేళ్లయింది. కౌంటరు వెనక హమీదాబీయే నిలబడేది. నలభై అయిదేళ్ల మనిషి, తెల్ల చీర, తలమీద కొంగు, చేతిలో ఎప్పుడూ ఒక తడిగుడ్డ. రోజూ దుకాణం తెరవగానే మొదటి గ్లాసు అందరి ముందూ తనే తాగేది. "ముందు నేను. నాకేటీ అవకపోతే మీకు" అనేది నవ్వుతూ. అది సాయిబు పెట్టిన ఆనవాయితీ.

ఆ ఏడు ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య ఇంకా పదిహేను రోజులుందనగా షర్బత్‌లో ఏదో పులిసిన వాసన మొదలైంది. ఆ అమావాస్యకి జరిగే నూకాలమ్మ జాతరకి ఊరు ఊరంతా దారిమీదే ఉంటుంది. ఆ జాతర రోజుల అమ్మకం మీదే హమీదాబీ ఏడాది సగం గడిచేది. సరిగ్గా అప్పుడే శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుళాయి కింద వేలు పెట్టి, వాసన చూసి, మొహం చిట్లించాడు.

"గొట్టం లోపల పాచి పట్టిందమ్మా. శుభ్రం చేయించండి, లేదా పీకేయండి. వారంలో మళ్లీ వస్తాను."

"సెయ్యి దూరదు, పుల్ల దూరదు. ఎలా కడగాలో కూడా తమరే సెప్పండి బాబూ."

"అది నా పని కాదు" అని ఆయన వెళ్లిపోయాడు. కసురుకున్నది కూడా లేదు పాపం, ఆయనకి నిజంగానే తెలియదు.

రెండు రోజులు ఆమె పీపాలో మరిగే నీళ్లు పోసి చూసింది. నీళ్లు తీరిగ్గా దిగి, తీరిగ్గా బయటికొచ్చాయి. పాచి ఎక్కడిదక్కడే ఉంది. మూడోరోజు పొద్దున్న రోడ్డు దాటి మా షాపులోకి వచ్చింది. నేను డబ్బాకి పంపు కొట్టి పరీక్ష చేస్తున్నాను. కాసేపు చూస్తూ నిలబడింది.

"సూరిబాబూ, ఈ మందు అంత దూరం ఎలా పడతాది?"

"గాలి బలం బీబమ్మా. లోపల గాలి బిగించీసి వదిలితే తన్నుకుని పోతాది."

"ఆ గాలిని నా గొట్టంలోకి ఎక్కించగలవా?"

ఆలోచన ఆమెది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చాలా ఏళ్లు ఆ ఆలోచన నాదేనని నలుగురిలో చెప్పుకు తిరిగాను. ఆ రోజు మాత్రం "నాలుగు రోజుల్లో సేసి పెడతాను, సూడండి" అని కాలరు ఎగరేశాను.

స్ప్రేయరు డబ్బాకి చివర ఉండే జల్లు మూతి తీసేసి, రబ్బరు గొట్టాన్ని కుళాయి మూతికి బిగించాలి. రెండిటి కొలతలూ వేరు, మధ్యలో కలపడానికి ఏదో ఒకటి కావాలి. ఏటికొప్పాక నుంచి లక్క బొమ్మలు అమ్ముకోవడానికి వచ్చే ఒక ముసలాయన ఉండేవాడు, అందరూ మామ అనే పిలిచేవారు. అంకుడు కర్రతో ఒక బిరడాలాంటిది తిప్పి, మధ్యలో బెజ్జం వేసి ఇమ్మని హమీదాబీ ఆయన్ని అడిగింది.

"బొమ్మలు సేసుకునీవోణ్ని, నాకెందుకమ్మా ఈ గొట్టాల గోల?" అన్నాడు మామ.

"బొమ్మే అనుకుని సెయ్యి. కానీ సుక్క కారకూడదు."

మామ చేసి తెచ్చింది రెండుసార్లు కారింది. రెండుసార్లూ తిప్పి పంపింది. ఒక్క చుక్కే కదా, గుడ్డ చుడితే ఆగిపోతుందని నేను చెప్పి చూశాను. "గుడ్డలో మళ్లీ పాచి పడతాది" అంది. మూడోసారి తెచ్చింది అచ్చంగా అతికింది. మామకి పంతం వచ్చి దానికి ఎర్ర లక్క కూడా పూసి తెచ్చాడు.

ఇక డబ్బా. ఇక్కడే నేను చేసిన పని ఉంది. కొత్త డబ్బా ఇవ్వమంటే మా యజమాని ససేమిరా అన్నాడు. మూల ఒక పాతది పడి ఉంది. చీడికాడ అనే ఊరి రైతొకాయన బాగుచేయమని ఇచ్చి, మళ్లీ రాలేదు. రెండు పంటలు చెరకు మీద పురుగుమందు కొట్టిన డబ్బా అది. దాన్ని చింతపండుతో, బూడిదతో, వేడినీళ్లతో మూడుసార్లు తోమాను. ముక్కు లోపల పెట్టి వాసన చూశాను, ఏమీ లేదు. ఆ రోజుల్లో మా అందరి సంగతీ అంతే. రైతులు చేత్తో మందు కలిపి, కాలవలో చెయ్యి ముంచి, గట్టు మీద కూర్చుని చద్దన్నం తినేవారు. కడిగిన డబ్బాలతో గోడలకి సున్నం కొట్టేవారు. పెళ్లిళ్లలో అదే డబ్బాతో పన్నీరు చల్లడం కూడా నా కళ్లతో చూశాను. కడిగితే పోతుంది, అంతే మాకు తెలిసింది.

డబ్బా భుజాన వేసుకుని వెళ్లగానే హమీదాబీ అడిగిన మొదటి ప్రశ్న అదే. "ఏటి సూరిబాబూ, ఇది దేనికి వాడేరు?"

"దేనికీ లేదు బీబమ్మా. కొత్తదే. మూల పడుండి మాసిపోనాది."

ఆమె నా మొహం కూడా చూడలేదు. నమ్మేసింది.

పని మాత్రం అద్భుతంగా జరిగింది. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి డబ్బాలో మూడొంతులు పోశాను. ముప్పై సార్లు పంపు కొట్టి, కుళాయి మూతి నుంచి పైకి వదిలాను. అటక మీద గొట్టం చివర నుంచి బకెట్టులోకి ముందు గోధుమరంగు నీళ్లు, ఆ వెనక నానిన సబ్జా గింజల్లా జిగురు ముద్దలు తన్నుకొచ్చాయి. హమీదాబీ నిచ్చెన మీద నిలబడి "ఇంకా కొట్టు, ఇంకా కొట్టు" అని అరుస్తోంది. అరగంట సోడానీళ్లు గొట్టంలోనే నిలవుంచి, ఆ పైన ఎనిమిది డబ్బాల మంచినీళ్లు ఎక్కించాం. సోడా పూర్తిగా పోయిందో లేదో తెలిసేదెలా? ఆమె సాసర్లో చిటికెడు పసుపు వేసి, బకెట్టులో నీళ్లు రెండు చుక్కలు వేసింది. పసుపు ఎర్రబడింది. మళ్లీ కడిగాం. మళ్లీ కాస్త ఎర్రబడింది. నాలుగోసారి పసుపు పసుపుగానే ఉండిపోయింది.

"సూసేవా, ఇంకేటీ లేదు" అంది, మొహం వెలిగిపోతూ.

సోడా ఉంటే పసుపు చెబుతుంది. పురుగుమందు ఉంటే చెప్పదు. ఆ సంగతి ఆ క్షణంలో తట్టింది నాకు. తట్టినా నోరు మెదపలేదు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్న పీపా నిండా కొత్త షర్బత్ పోసింది. వాసన పోయిందట అన్న కబురు అప్పటికే పాకింది, కౌంటరు ముందు పదిమంది పోగయ్యారు. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు రావాలి. హమీదాబీ పిడి వంచింది. ఆనవాయితీ ప్రకారం మొదటి గ్లాసు పట్టుకుని, బిస్మిల్లా అనుకుని, పెదవుల దాకా తెచ్చింది.

"తాగీకండి!" అని అరిచాను. అరిచింది నేనేనని నాకు ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు.

గ్లాసు ఆగింది. ఆమె నా కళ్లలోకి చూసింది. గ్లాసు ఒలక్కుండా కింద పెట్టి, జనం వైపు తిరిగి, "ఈవేళ షర్బత్ లేదు బాబూ. రేపు కూడా ఉండదు" అంది. ఎందుకని ఎవరో అడిగితే "గొట్టం బాగోలేదు" అని మాత్రమే అంది. తలుపు చెక్కలు వేసేశాక, పెరట్లో నిలబెట్టి, "ఇప్పుడు సెప్పు" అంది. చెప్పాను. చీడికాడ రైతు, రెండు పంటలు, అన్నీ.

"మూడుసార్లు తోమేను బీబమ్మా. వాసన కూడా లేదు."

"అంత నమ్మకం ఉన్నోడివి ఎందుకు అరిసేవు?"

సిగ్గుతో భూమిలోకి కుంగిపోయాను. ఆమె కొడితే బాగుండుననిపించింది. కొట్టలేదు, పార తెచ్చి ఇచ్చింది. షర్బత్ కాలవలో పోస్తే మేకలు తాగుతాయని, పెరటి మూల నడుంలోతు గొయ్యి తవ్వించింది. పీపాడు షర్బత్ అందులో పోశాం. ఆ తర్వాత రాగి గొట్టాన్ని ఊడదీసి, వేలెడేసి ముక్కలుగా రంపంతో కోయమంది. హుస్సేన్ సాయిబు తన చేత్తో బిగించిన గొట్టం అది. నేను కోస్తుంటే రెండో కొస ఆమె పట్టుకుంది. పట్టు వదల్లేదు, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. ముక్కలు కూడా గోతిలో వేసి కప్పేశాం.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వస్తే, "గొట్టం తీసీసేనండి. కొత్తది పెట్టినాక పిలుత్తాను" అంది. నా పేరు ఎత్తలేదు. జాతర వచ్చింది, వెళ్లింది. దారినిండా జనం. అడిగినవాళ్లందరికీ "ఇంకా అవలేదు బాబూ" అని చెబుతూ, మూగ కుళాయి పక్కన నిలబడి గోలీసోడాలు అమ్ముకుంది. నేను ఎదురుగా కూర్చుని అదంతా చూశాను. అంతకన్నా పెద్ద శిక్ష నాకు జీవితంలో ఎవరూ వేయలేదు.

జాతర మర్నాడు ఆమే మళ్లీ రోడ్డు దాటి వచ్చింది. "ఏటి, అలా కూసుండిపోతే ఎలా? గొట్టం ఎప్పుడు సుడతావు?" అంది. మా యజమానికి నిజం చెప్పాను. నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి కొత్త డబ్బా ఇచ్చాడు. దానికి చుట్టి ఉన్న గడ్డి, కాగితాలు ఆమె ముందే విప్పాను. విశాఖపట్నం నుంచి రాగి గొట్టం తెప్పించి, మామ ఇచ్చిన కర్ర దుంగకి చుట్టాం. మొదటిసారి నొక్కుకుపోయింది. రెండోసారి అతుకు దగ్గర కారింది. ఇక నా వల్ల కాదన్నాను. "నీ వల్ల అవుద్ది. ఇసుక పోసి సుట్టు" అంది. గొట్టం నిండా ఇసుక కూరి చుడితే నొక్కుకోదని ఆమె ఎక్కడో కనుక్కొచ్చింది. రోహిణి ఎండలు ముదిరేసరికి కుళాయి మళ్లీ పారింది. ఇన్‌స్పెక్టరు కూడా తాగి, ఎవరు చేశారని అడిగాడు. "మా సూరిబాబు" అంది.

క్షమించిందా అంటే చెప్పలేను. ఆ తర్వాత నాలుగేళ్లు, ఎనిమిది రోజులకోసారి ఆ గొట్టం నేనే కడిగాను. ప్రతిసారీ "డబ్బా సూపించు" అనేది. కొత్తదని తెలిసినా, దాని మీద నా చేత్తో నేనే గీసిన గుర్తు ఉన్నా, మూత తీయించి లోపలికి చూసేది. మొదట్లో మనసు చివుక్కుమనేది. పోను పోను, ఆమె చూడకపోతేనే నాకు తోచేది కాదు.

సొంతంగా షాపు పెట్టుకోవడానికి నర్సీపట్నం వెళ్లిపోయే ముందు చెప్పిరావడానికి వెళ్లాను. ఎన్నాళ్లనుంచో గొంతులో ఉన్న మాట ఆ రోజు అడిగేశాను. "బీబమ్మా, ఆ గ్లాసు మీ సేతిలో కాకుండా, దారంట పోయీవోడి సేతిలో ఉండుంటే నేను నోరిప్పీవోణ్నా?"

తప్పకుండా విప్పేవాడివని ఆమె అంటుందని ఆశపడ్డాను. ఆ ఒక్క మాట కోసమే అడిగాను. ఆమె తడిగుడ్డతో కౌంటరు ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచింది.

"నాకెలా తెలుత్తాది సూరిబాబూ?" అంది. "నేను సెప్పీది కాదు అది."

ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. నర్సీపట్నంలో నలభై ఏళ్లు షాపు నడిపాను. గొలుగొండ నుంచి, ఎక్కడెక్కడి నుంచో రైతులు వచ్చేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు. బాగుచేసిన పంపో, డబ్బానో వాళ్లకి అందించబోయి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ విప్పి చూసేవాణ్ణి. చాదస్తం అని నా పనివాళ్లు నవ్వుకునేవారు. నవ్వుకోనీ. ఆ క్షణంలో నేను చూస్తున్నది పంపుని కాదు. దారిన పోయే మనిషి కోసమైనా నేను నోరు విప్పుతానా లేదా అని.