రెస్పిరా డాక్టరమ్మ

వసుమతిది చిన్న గొంతు కాదు. కాకినాడ పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరుగా ఉన్న రెండేళ్ళూ, ఆపరేషన్ అయినవాళ్ళను లేపడానికి వార్డు అదిరేలా ఒక్క కేక వేసేది. "గాలి పీల్చు! ఊఁ, గట్టిగా!" ఆ కేకకు మీసాలున్న తాతలు కూడా బుద్ధిగా పీల్చేవాళ్ళు.

అలాంటి మనిషి 1978లో షికాగో పడమటి పేటలోని ఒక ఆసుపత్రిలో రెసిడెంటుగా, అంటే శిక్షణ డాక్టరుగా, చేరేసరికి పిల్లి అయిపోయింది. పరాయి దేశం కదా, మర్యాదగా ఉండాలనుకుంది. మత్తు వదలని రోగి చెవి దగ్గర వంగి, పరీక్షలో జవాబు అప్పజెప్పినట్టు, "కైండ్లీ ఇన్‌హేల్ డీప్లీ, మేడమ్" అని గొణిగేది. మత్తులో ఉన్నవాళ్ళు అంత మర్యాదకు లేస్తారా? పైగా వాళ్ళలో సగం మంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు అంతంతమాత్రం.

ఆ మందుల తీరే అంత. మనిషికి మెలకువ వచ్చినట్టే ఉంటుంది, ఊపిరి తీసుకోవడం మాత్రం మరిచిపోతాడు. ఎవరో ఒకరు పక్కన నిలబడి గుర్తుచేస్తూ ఉండాలి.

ఫిబ్రవరిలో విభాగం పెద్ద, డాక్టర్ బెక్విత్ పిలిపించాడు.

"మీ పనికి వంకలేదు. కానీ మీరు చెప్పేది పేషెంట్లకి అర్థం కావడం లేదని నర్సులు కంప్లెయింట్ చేస్తున్నారు. జూన్‌లోగా ఇది మారకపోతే మీ కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యలేను."

నేపర్‌విల్‌లోని ఇంటికి వెళ్ళే రైల్లో వసుమతి కిటికీవైపు తిరిగి ఏడ్చింది. కాంట్రాక్టు పోతే ఇన్నాళ్ళ చదువు మధ్యలో ఆగిపోయినట్టే. ఆమె భర్త దామోదర్ ఇంజనీరు. ఏ కష్టానికైనా ఒక యంత్రం ఉండకపోదని అతని నమ్మకం. మర్నాడే టేప్‌రికార్డర్ కొనుక్కొచ్చాడు.

"వసూ, రికార్డ్ చేసుకుని ప్రాక్టీస్ చెయ్యి. నేను చెప్పినట్టు అను. డీ...ప్ బ్రెత్."

"డీప్ బ్రెత్తు."

"చివర్లో ఆ సాగదీత ఎందుకే?"

"మీరన్నదీ అదేగా అండీ!"

టేపు వెనక్కి తిప్పి వింటే ఇద్దరివీ ఒక్కలాగే ఉన్నాయి. యంత్రం అటకెక్కింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం, ఆపరేషన్ అయిన మెక్సికో ఆవిడ ఒకరికి పెదవులు నల్లబడసాగాయి. వసుమతి తన ఇన్‌హేల్ మంత్రం జపిస్తూనే ఉంది. పక్కన నేల తుడుస్తున్న రొసారియో అనే యాభై ఏళ్ళ ఆవిడ ఇక చూడలేక, కర్రను గోడకు ఆనించి వచ్చి, రోగి చెంప తట్టి కేకేసింది.

"రెస్పిరా, మిహా! రెస్పిరా!"

రోగి ఛాతీ నిండా గాలి పీల్చింది. వసుమతి రొసారియో వైపు తిరిగింది. భాష వేరేగానీ, ఆ కేక అచ్చం తనదే!

"మిహా అంటే ఏంటి?"

"అమ్మాయీ అని. రెస్పిరా అంటే ఊపిరి పీల్చు అని."

"పెద్దవాళ్ళని కూడా 'నువ్వు' అనొచ్చా?"

"మత్తులో ఉన్నవాళ్ళంతా పిల్లలే, డాక్టరమ్మా," అంది రొసారియో తనకొచ్చిన ఇంగ్లీషులో.

రెస్పిరేషన్ అన్న మాటను వసుమతి పుస్తకాల్లో వెయ్యిసార్లు చదివింది. అది ఇళ్ళలో తల్లులు పిల్లల్ని కసిరే మాట అని ఎవరూ చెప్పలేదు.

మర్నాటినుంచి కాకినాడ గొంతు తిరిగొచ్చింది, రెస్పిరా అన్న మాటతో. మెక్సికోవాళ్ళు లేచారు సరే, ఇటలీనుంచి వచ్చిన రొట్టెల తాతా లేచాడు. రుమేనియా దర్జీ లేచాడు. ఫ్రెంచి మాట్లాడే హైతీ ముసలమ్మా పీల్చింది. "వీళ్ళెవరూ మావాళ్ళు కాదే!" అని రొసారియో అనుమానంగా చూసింది. దామోదర్ లైబ్రరీకి వెళ్ళి తేల్చుకొచ్చాడు. లాటిన్ నుంచి పుట్టిన భాషలన్నిటికీ అది పుట్టింటి మాటేనట, మనకూ కన్నడంవాళ్ళకూ తమిళంవాళ్ళకూ 'ఊరు' ఉన్నట్టు. ఉత్సాహం పట్టలేక వసుమతి ఒక పోలండ్ పెద్దాయన మీద కూడా దాన్ని ప్రయోగించింది. ఆయన ఉలిక్కిపడి "వాట్?" అన్నాడు. అయినా పీల్చాడు.

జూన్ ఆఖరి వారంలో రొసారియోకే పిత్తాశయం తీసేయాల్సి వచ్చింది. సిగరెట్లు కాల్చే మనిషి, ఛాతీ బలహీనం. "నన్ను నువ్వే లేపాలి," అని ముందే మాట తీసుకుంది. కాంట్రాక్టు తేల్చేముందు స్వయంగా చూద్దామని బెక్విత్ కూడా ఆ రోజే వచ్చి నిలబడ్డాడు.

రొసారియో కనురెప్పలు కదిలాయి, ఊపిరి మాత్రం రావడం లేదు. బెక్విత్ వంగి, "రొసారియో, ఒక డీప్ బ్రెత్ తీసుకోండి, ప్లీజ్," అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ అన్నాడు. పెదవులు నల్లబడుతున్నాయి.

వసుమతి ఉద్యోగం సంగతే మరిచిపోయింది. మోచేత్తో బెక్విత్‌ను పక్కకు తోసి, రొసారియో దవడ పైకెత్తి పట్టుకుని అరిచింది.

"రెస్పిరా, రొసారియో! రెస్పిరా! గాలి పీల్చు తల్లీ, గట్టిగా!"

ఛాతీ లేచింది. మళ్ళీ లేచింది. వసుమతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కాసేపటికి రొసారియో కళ్ళు తెరిచి, తనమీదికి వంగిన రెండు ముఖాలనూ చూసింది.

"ఈ పిల్ల చెప్పేది నాకు బాగా అర్థమవుతుంది," అంది నీరసంగా. బెక్విత్ వైపు తిరిగి, "మీరు చెప్పేదే పదకొండేళ్ళుగా అర్థం కావట్లేదు."

నర్సులు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. బెక్విత్ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది. మర్నాడు కాంట్రాక్టు మీద సంతకం పెట్టి ఇస్తూ, "ఆ మాట నాకూ నేర్పండి," అన్నాడు.

నేర్చుకున్నాడు. 1986లో రిటైరయ్యేనాటికి ఆ వార్డులో అందరికంటే పెద్ద కేక ఆయనదే. వీడ్కోలు విందులో వసుమతి ఆయనకు రంగుకాగితం చుట్టిన పెట్టె ఒకటి ఇచ్చింది. విప్పితే, అటకెక్కిన ఆ పాత టేప్‌రికార్డర్.

"మీ పనికి వంకలేదు డాక్టర్," అంది వసుమతి. "కానీ మీరు చెప్పేది పేషెంట్లకి అర్థం కావడం లేదు."