వెనక మెట్లు తెరిచిన మా బాబాయిగారు

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుండగా మా ఇంటి ఓనరు ఫోన్ చేశాడు. "కింది బాపు పోయిండమ్మా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. పొద్దున నేను బస్సుకు వెళ్తున్నప్పుడు ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. రోజూ అన్నట్టే "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పారు. పదకొండింటికి ఛాతీలో పట్టేసినట్టుందని పడుకున్నారట. అంతే. డబ్బా మూత మళ్లీ పెట్టేసి బయల్దేరాను.

ఛత్రినాకలో మాది ఎనిమిది ఇళ్ల చిన్న అపార్ట్‌మెంట్. కింద రెండు, పైన మూడు అంతస్తుల్లో ఆరు. మేము రెండో అంతస్తులో కిరాయికి ఉంటాం. భీమవరం నుంచి బదిలీ మీద వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇక్కడ అందరూ ఆయన్ని బాపు అనేవారు. నేను మా వైపు అలవాటు కొద్దీ బాబాయిగారు అన్నాను. మొదటిరోజు ఆ మాట విని నవ్వి, "గారు గీరు ఎందుకు బిడ్డా, నేను బస్సు డ్రైవర్ని" అన్నారు. నేను మానలేదు. ఆయనా మళ్లీ చెప్పలేదు.

ఆయన గురించి నలుగురికీ చెప్పాలనిపించే సంగతి ఒకటుంది. అది పిన్నిగారి గిర్నితో మొదలవుతుంది. పిన్నిగారంటే ఆయన భార్య. గిర్ని అంటే పిండిమర. ఆయన రిటైరై, ఆ వచ్చిన డబ్బుతో కింది ఇల్లు కొన్నాక, వెనక సందులో రేకుల షెడ్డు వేసి అందులో ఆమెకు గిర్ని పెట్టించారు. జొన్నలు, బియ్యం, మిరపకాయలు పట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చేవారు. సంపాదన బాగానే ఉండేది. కాకపోతే మా భవనానికి వెనక రెండో మెట్లున్నాయి. అవి దిగి బయటికొచ్చే తలుపుకు సరిగ్గా అడ్డంగా ఆ షెడ్డు గోడ లేచింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. దారి ఎలాగూ మూసుకుపోయిందని పైవాళ్లు ఆ మెట్ల మీద పాత మంచాలు, నీళ్ల డ్రమ్ములు పెట్టుకున్నారు. మా విరిగిన కూలరు కూడా అక్కడే ఉండేది.

రెండేళ్ల కిందట వెనక గల్లీలో ఒక భవనంలో మంటలు లేచాయి. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు కానీ, తర్వాత అధికారులు వచ్చి ఆ చుట్టుపక్కల భవనాలన్నీ చూశారు. మాకూ నోటీసు వచ్చింది. మీటర్ల దగ్గర వైర్లు మార్చాలి, అంతస్తుకో మంటలార్పే సిలిండరు పెట్టాలి, మేడ మీది ట్యాంకు నుంచి వేరే పైపు దించాలి. అన్నిటికంటే ముందు వెనక మెట్లు తెరవాలి.

ఆదివారం సాయంత్రం మేడ మీద మీటింగు పెట్టారు. ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద రెండు గంటలు లొల్లి. భవనం కట్టినాయనే చేయించాలని ఒకరన్నారు. ఆయన ఫ్లాట్లన్నీ అమ్మి ఎప్పుడో చేతులు దులుపుకున్నాడు, ఫోన్ కూడా ఎత్తడు. మెట్లు ఎక్కువ వాడేది పైవాళ్లు కాబట్టి వాళ్లే ఎక్కువ ఇవ్వాలని మరొకరు. మా ఓనరు నా వైపు చూసి, ఇళ్లలో ఉండేది కిరాయివాళ్లు కదా, వాళ్లూ కొంత వేసుకోవాలన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. పిల్లల ఫీజులు కట్టిన నెల అది.

అప్పుడు మూడో అంతస్తు సేఠు లేచాడు. స్కూలు యూనిఫారాల దుకాణం ఆయనది. బాబాయిగారిని సూటిగా చూసి అన్నాడు.

"దారి మూసింది మీరే గద బాపు. మూసినోళ్లే ఇయ్యాలె."

వయసులో పెద్దాయన, కోపం వస్తుందనుకున్నాం.

"నిజమే. మూసింది నేనే" అన్నారు బాబాయిగారు. లేచి, రెయిలింగు పట్టుకుని మెల్లగా కిందికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి వాళ్లింట్లో ఏం జరిగిందో పిన్నిగారు తర్వాత నాకు చెప్పారు. గిర్ని ఎక్కడ పెట్టాలి, నెత్తి మీద పెట్టుకోవాలా అని ఆమె అరిచారట. హాల్లో పెడదామన్నారట ఈయన. మనుషులొస్తే ఎక్కడ కూర్చుంటారంటే, గడప మీద కూర్చుంటారన్నారట. ఆమెకు ఒళ్లు మండిపోయింది. రెండు నెలలు ఆయనతో సరిగా మాట్లాడలేదు. నాకు ఆమె కోపం అన్యాయంగా అనిపించలేదు. షెడ్డు ఆయన కట్టించినా, గిర్ని కష్టం ఆమెది.

నాలుగో రోజుకల్లా కూలీలొచ్చారు. షెడ్డు రేకులు విప్పారు, గోడ కొట్టారు. బాబాయిగారు ఆ రెండ్రోజులూ లుంగీ పైకి కట్టి, ఇటుకలు ఏరి వరుసగా పేరుస్తూనే ఉన్నారు. హాల్లో సోఫా అమ్మేసి, గిర్ని అక్కడ బిగించారు. దానికి వేరే వైరు లాగించి, స్విచ్చు గుమ్మం బయట పెట్టించారు. మిరపకాయలు మాత్రం పిన్నిగారు మానేశారు. ఆ ఘాటు ముందు మెట్లలోకి కొట్టి అందరూ దగ్గుతారని. దాంతో సగం గిరాకీ వేరే గిర్నికి పోయింది. ఆ నష్టం గురించి ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు.

షెడ్డు పోయాక రెండో మీటింగు ఆయనే పిలిచారు.

"నేను మూసింది నా పైసలతోని తెరిసిన. ఇగ మిగిలింది అందరిది. నా వాటా ముందు తీసుకోండ్రి."

కిందివాళ్లకు మెట్లెందుకు, మీరు తక్కువే ఇవ్వండి అని ఎవరో మర్యాదకు అన్నారు. బాబాయిగారు తల అడ్డంగా ఊపారు.

"మీద మంట లేస్తే నేను కింద నిమ్మళంగ కూసుంటనా? బస్సుకు బ్రేకు ఏయించేటప్పుడు ముందు సీటోళ్లకు ఎంత, ఎనక సీటోళ్లకు ఎంత అని అడుగుతమా?"

తర్వాత మా ఓనరు వైపు తిరిగారు. కిరాయిదారు ఇవాళ ఉంటాడు, రేపు పోతాడు, ఇల్లు మంచిగుంటే ధర పెరిగేది నీకే కదా అని అడిగారు. ఓనరు తలూపి తన వాటా ఒప్పుకున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చి పక్కకు తిరిగాను. ఈ ఊళ్లో నా తరఫున అలా నిలబడి మాట్లాడిన మొదటి మనిషి ఆయన.

అందరూ ఇచ్చారు. సేఠు అందరికన్నా చివర, గొణుక్కుంటూ ఇచ్చాడు. మెట్ల మీది మంచాలు, డ్రమ్ములు, మా కూలరు అన్నీ పాత సామాన్ల బండి ఎక్కాయి. ఆ రోజు నుంచి పొద్దున్నే టీ తాగి వెనక తలుపు ఒకసారి తెరిచి మూయడం ఆయనకు అలవాటైంది. ఎందుకని అడిగితే పిన్నిగారే జవాబు చెప్పారు. బస్సు తీసేముందు వెనకున్న ఎమర్జెన్సీ తలుపు రోజూ అలాగే తెరిచి చూసేవారట. ఒకసారి వానాకాలంలో అది తుప్పు పట్టి రాలేదు. బాగుచేసే దాకా బండి డిపో దాటించనని కూర్చున్నారు. డిపోవాళ్లు మందలిస్తూ మెమో ఇచ్చారు. ఆ మెమో కాగితం లైసెన్సుతో పాటు జేబులో పెట్టుకుని తిరిగేవారని చెబుతూ పిన్నిగారు నవ్వారు. వాళ్లిద్దరి మధ్య కోపం పోయిందని నాకు ఆ నవ్వుతో తెలిసింది.

పోయిన ఎండాకాలం, ఒక ఆదివారం పొద్దున పది గంటలప్పుడు, పక్క గోడౌన్‌లో మంట లేచి ఆ నల్లటి పొగ మా ముందు మెట్లను కమ్మేసింది. తలుపు తీస్తే చేయి కనిపించలేదు. పిల్లలిద్దరినీ పట్టుకుని వెనక మెట్ల వైపు పరిగెత్తాను. పైనుంచి సేఠు, ఆయన తమ్ముడు వాళ్ల అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తున్నారు. ఆమె నడవలేదు. కింద, తలుపు బార్లా తెరిచి, బాబాయిగారు నిలబడి ఉన్నారు. "ఫికర్ లేదు, మెల్లగ దిగుండ్రి" అంటూ ఒక్కొక్క ఇంటివాళ్లనూ లెక్క చూసుకున్నారు. ఎనిమిదిళ్లూ ఖాళీ అయ్యాయని తేలేదాకా ఆయన ఆ తలుపు వదల్లేదు.

ఫైరింజను వచ్చింది, మంట ఆరింది. చూశారా, నేను అప్పుడే చెప్పలేదా అని ఆయన ఒక్క మాట అనలేదు. సాయంత్రం సేఠు కిందికొచ్చి, గిర్ని పక్కన గడప మీద కూర్చున్నాడు. పిన్నిగారిచ్చిన చాయ్ తాగి, ప్యాంటు నిండా పిండితో పైకెళ్లాడు. మర్నాటి నుంచి ఆయన బాపూ అని పిలిచే తీరులో మర్యాద వచ్చింది.

ఎవరైనా మీరెక్కడుంటారని అడిగితే, ఫలానా వీధి అని చెప్పి ఊరుకునేదాన్ని కాదు. మా కింద ఒక డ్రైవరుగారుంటారని కూడా చెప్పేదాన్ని.

పదకొండో రోజు భోజనాలకు వంటాయన పొయ్యిలు, గిన్నెలు ఆటోలో తెచ్చాడు. వెనక సందు చూశాడు. నీడగా ఉంది, పక్కనే నీళ్ల నల్లా ఉంది. అక్కడే దింపమని పనివాళ్లకు చెబుతుంటే, లోపల మూలన కూర్చున్న పిన్నిగారు లేచి బయటికొచ్చారు. పది రోజులుగా ఆమె గొంతు మాకు సరిగా వినబడలేదు.

"గక్కడ వద్దు. అది దారి" అన్నారు. "గల్లిల పెట్టుకోండ్రి."

రెండు గంటల పనే కదమ్మా అని వంటాయన నసిగాడు. ఆమె అక్కడి నుంచి కదల్లేదు. సేఠు వెళ్లి భవనం ముందున్న గల్లీలో నుంచి తన వ్యాను తీసి, షామియానా గుంజలు పాతించాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, పొయ్యిల సెగలో, వచ్చిన వాళ్లంతా ఒకరినొకరు ఒరుసుకుంటూ గల్లీలోనే తిన్నారు. చేయి కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లాను. కాసేపటి కిందే ఎవరో ఆ సందు కడిగారు. చివరి మెట్టు నుంచి గేటు దాకా తడి సిమెంటు మెల్లగా ఆరుతోంది. దాని మీద ఒక్క చెప్పు జత కూడా లేదు.