తౌనో మరిచిపోయిన ఎడమ గ్లౌజు

తౌనో హేయ్‌స్కనెన్ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఏదో ఒకటి అక్కడ మరిచిపోకుండా బయటికి రాడు. టోపీ, కళ్ళజోడు, కాఫీ ఫ్లాస్కు, మఫ్లరు, అన్నిటికంటే ఎక్కువగా ఎడమచేతి గ్లౌజు. ఉత్తరాన కైనూ అడవి పల్లెల్లో ఇరవై రెండేళ్ళుగా ఆయన వదిలేసి వచ్చినవన్నీ ఒకచోట పోస్తే చిన్న కొట్టు పెట్టుకోవచ్చు. అన్నీ మరిచిపోతాడు గానీ, మరిచిపోవడం మాత్రం ఒక్కనాడూ మరిచిపోలేదు.

ఇది ఊరందరికీ నవ్వులాట. తోటి ఉద్యోగి ఇల్పోకి ఒక్కడికే ఒళ్ళుమంట. ఇద్దరూ ఒకే పరిశోధన సంస్థలో ఎదురెదురు గదుల్లో కూర్చుంటారు. పనీ ఒకటే. ఐరోపా వ్యవసాయ విధానం మారినప్పుడల్లా చిన్న రైతులు ఎలా తట్టుకుంటున్నారు, సరస్సు ఒడ్డున ఎరువు వేయొద్దన్న జాగా నిజంగా వదులుతున్నారా, ఇంకో పదేళ్ళకి ఈ పల్లెల్లో పొయ్యి వెలిగించే మనిషి మిగులుతాడా అన్నది తేల్చి చెప్పాలి. ఇల్పో పుట్టి బుద్ధెరిగాక పెన్ను మూత కూడా పోగొట్టుకోలేదు. బయల్దేరే ముందు సంచీలో వస్తువులు జాబితా చూసి లెక్కపెడతాడు. తిరిగొచ్చాక మళ్ళీ లెక్కపెడతాడు.

అంతటి ఇల్పో ఎనభై నాలుగు ప్రశ్నలతో ఫారం తయారుచేసి, స్టాంపు అంటించిన కవర్లతో సహా రెండువందల ఇరవై ఇళ్ళకి పంపితే పంతొమ్మిది తిరిగొచ్చాయి. అందులో ఒకదాని మీద, "మా ఆవు ఈనుతోంది, తర్వాత చూద్దాం" అని మాత్రమే రాసి ఉంది. అదే ఫారం పట్టుకుని తౌనో ముప్ఫై ఒక్క ఇళ్ళకి వెళితే ముప్ఫై ఒకటీ నిండుకుండల్లా వచ్చాయి. ఒకటి ఎవరింట్లోనో మరిచిపోతే ఆ ఇంటావిడే పోస్టులో పంపింది, తోడు నాలుగు ఏలకుల బన్నులు కూడా.

పొద్దున్న తొమ్మిదైతే ఆఫీసులో ఫోను మోగడం మొదలు. తౌనో ఎప్పుడూ సీట్లో ఉండడు కనక ఎత్తేది ఇల్పోనే.

"హలో, మీ తౌనో బూటు మా ఇంట్లో ఉండిపోయిందండీ."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. కుడిది."

"మరి ఇంటికెలా వెళ్ళాడు?"

"అదే మేమూ అనుకుంటున్నాం. తొందరేం లేదు, వీలున్నప్పుడు వచ్చి పట్టుకెళ్ళమనండి. గురువారమైతే చేపల సూపు కూడా ఉంటుంది."

ఇల్పో ఫోను పెట్టేసి పళ్ళు నూరుకునేవాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తనకోసం ఒక్క రైతు ఫోను చేసిన పాపాన పోలేదు. చేసినా, ఫారం ఇంత పొడుగేమిటయ్యా అని తిట్టడానికే. చేపల సూపు మాట దేవుడెరుగు!

బ్రసెల్స్‌లోనూ ఇదే బాగోతం. అక్కడి ఐరోపా సమావేశంలో ఇల్పో నలభై పటాలు చూపించి మాట్లాడాడు. తౌనో పది నిమిషాలు ఏదో చెప్పి, ఒక అధికారిణి గదిలో మఫ్లరు మరిచిపోయి వచ్చాడు. వారం తిరక్కుండా ఆవిడ తౌనోకి ఫోను చేసింది. మఫ్లరుతో మొదలుపెట్టి, వాళ్ళమ్మ తోటలోని బంగాళాదుంపల దాకా నలభై నిమిషాలు మాట్లాడింది. నలభై పటాలలో ఒక్కదాని ఊసు లేదు. ఇల్పో ఆ రోజు మధ్యాహ్నం భోజనం సయించక రై రొట్టె సగంలో వదిలేశాడు.

పోనీ ఇంటికెళ్తేనైనా ఈ పీడ వదులుతుందా అంటే అదీ లేదు. రెండేళ్ళ కిందట ఇల్పో భార్య మార్కెత్తా విడిపోయి ఔలు పట్నం వెళ్ళిపోయింది. ఆ నెలలోనే తౌనో ఏవో కాగితాలివ్వడానికి వచ్చి టోపీ మరిచిపోయాడు. టోపీ కోసం మరుసటి శనివారం వచ్చి, టోపీ తీసుకుని ఫ్లాస్కు మరిచిపోయాడు. ఫ్లాస్కు కోసం వచ్చి కళ్ళజోడు. ఇల్పో ఒకసారి తెలివిగా, మరిచిన టోపీని సోమవారమే ఆఫీసుకి తెచ్చి చేతిలో పెట్టాడు.

"అయ్యో, మోసుకొచ్చావా! చాలా థాంక్స్. మరి నా గొడుగు?"

గొడుగు సోఫా కింద ఉంది. రెండేళ్ళుగా శనివారం పదకొండింటికి తలుపు చప్పుడవడం, వద్దనలేక ఇల్పో కాఫీ పెట్టడం, ఇద్దరూ మాట్లాడకుండా రెండేసి కప్పులు తాగడం. ఇల్పో దృష్టిలో అది శిక్ష.

ఇలా ఉండగా డైరెక్టరు సిర్కా ఒక సోమవారం ఇద్దరినీ పిలిచింది. ఉత్తరాది పల్లెల మీద ఐదేళ్ళ పెద్ద పరిశోధన వస్తోంది. దానికి నాయకుడెవరో శుక్రవారంలోగా పేరు పంపాలి. ఇల్పో ఈ పదవి కోసం పదకొండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆ రాత్రి కూర్చుని తౌనో ఫారాలన్నీ జల్లెడ పట్టాడు. నలభై ఏడో ప్రశ్న దగ్గర దొరికాడు దొంగ.

"నెలలో మీ ఇంటికి వచ్చి, కూర్చుని, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు ఎందరు?" అన్నది ప్రశ్న. ఇల్పో ఫారాల్లో ఒంటరిగా ఉండే రైతులందరూ సున్నా వేశారు. తౌనో ఫారాల్లో ఒంటరివాళ్ళు పద్నాలుగు మంది. పద్నాలుగు చోట్లా "ఒకరు". ఒక్క సున్నా లేదు.

"దొంగ లెక్కలు మేడమ్! ఆ ప్రశ్న అడక్కుండా తన వంటింట్లో కూర్చుని నింపుకున్నాడు" అన్నాడు ఇల్పో, సిర్కా బల్ల మీద ఫారాలు పరుస్తూ. లోపల మాత్రం పండగ చేసుకుంటున్నాడు.

సిర్కా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అంత గట్టిగా చెప్తున్నావు కదా, గురువారం నువ్వూ వాడితో వెళ్ళు. కళ్ళారా చూసి రా. తప్పని తేలితే నీ పేరే పంపుతా."

గురువారం తౌనో కారులో ఎనభై కిలోమీటర్లు వెళ్ళారు. మొదటిది హిల్యా ఇల్లు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పద్నాలుగు ఆవులు. మూడో కప్పు కాఫీ అయ్యాక ఇల్పో గొంతు సవరించుకున్నాడు.

"హిల్యా గారూ, నలభై ఏడో ప్రశ్నకి ఒకరని రాశారు. ఆ ఒక్కరూ ఎవరండీ?"

హిల్యా చెంచాతో తౌనోని చూపించింది. "ఇంకెవరు? ఈ మతిమరుపు సన్నాసి! నెలకి రెండుసార్లు నా కాఫీ పొడికి తెగులు పట్టిస్తాడు."

తర్వాతి ఇంట్లో ముసలి అర్వో అదే మాట అన్నాడు. "ఈ తౌనోనే. తల మెడకి అతుక్కునుంది గనక సరిపోయింది, లేకపోతే అదీ ఇక్కడే వదిలేసి పోయేవాడు."

ఇల్పో గాల్లో తేలిపోయాడు. లెక్కలు తీసేవాడు తననే లెక్కలో కలిపేసుకున్నాడు! ఇంతకు మించిన తప్పు ఈ వృత్తిలో లేదు. ఐదేళ్ళ పదవి చేతికందినట్టే. ఆ ఆనందంలో బూట్లు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి చూశాడు. అర్వో అవతలి గదిలో ఉన్నాడు. తౌనో ఎడమ గ్లౌజు విప్పి, అటూ ఇటూ చూసి, పొయ్యి పక్క కట్టెల పెట్టె వెనక్కి జాగ్రత్తగా తోశాడు.

కారు దగ్గర ఇల్పో అనుమానంతో డిక్కీ తెరిచాడు. అట్టపెట్టె నిండా ఎడమ గ్లౌజులు, టోపీలు, మూడు ఫ్లాస్కులు, ఒక కుడి బూటు. అన్నీ పాత సామాన్ల బజారు సరుకు.

"ఏమిటయ్యా ఇది?"

తౌనో చెవులు ఎర్రబడ్డాయి. "చూసేశావా? మరేం చెయ్యమంటావు. మన దగ్గర పని లేకుండా ఎవరైనా ఎవరింటికైనా పోతారా? ఒంటరిగా ఉన్నారు కదా, చూసిపోదామని వచ్చానంటే తలుపేసుకుంటారు. నా గ్లౌజు ఉండిపోయిందా అంటే, ఉంది, కాఫీ కూడా ఉంది అంటారు."

"ఆ బ్రసెల్స్ మఫ్లరు?"

"ఆవిడ గది కిటికీలోంచి చూస్తే ఇంకో కిటికీ తప్ప ఏం కనబడదయ్యా."

"మరి నలభై ఏడో ప్రశ్న? నిన్ను నువ్వు కలుపుకోకూడదని తెలీదా?"

"తెలుసు. నన్ను తీసేస్తే సున్నా వెయ్యాలి. హిల్యా ఎదురుగా కూర్చుని, ఆవిడ కాఫీ తాగుతూ సున్నా వెయ్యడం నా చేత కాలేదు."

తిరుగు దారిలో ఇల్పో తనలో తానే లెక్క వేసుకున్నాడు. నలభై ఏడో ప్రశ్న తననడిగితే ఏం రాస్తాడు? ఒకరు. శనివారాలు, పదకొండింటికి. ఆ లెక్క తేలేసరికి ముందు సిగ్గేసింది. ఆ వెనకే పాత జబ్బు తిరగబెట్టింది.

"అర్వోకి పెట్టింది ఉన్ని గ్లౌజు కదూ?" అన్నాడు ఉన్నట్టుండి.

"అవును."

"కొత్తదిలా ఉంది. మా ఇంట్లో మాత్రం రెండేళ్ళుగా అదే వెలిసిపోయిన టోపీ!"

తౌనో నవ్వాపుకోలేక కారు పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది.

శుక్రవారం సిర్కా అడిగింది. "ఏమైంది? దొంగ లెక్కలేనా?"

"లెక్కలు నిజమే మేడమ్. ఆ ఒకరు ఎవరో మాత్రం నివేదికలో వివరంగా రాయాలి. నేనే రాస్తా." ఇల్పో ఫారాలన్నీ దొంతిగా సర్దాడు. పదకొండేళ్ళ ఆశ ఒక్కసారి వెనక్కి లాగింది. "తౌనో పేరు పంపండి. కాగితాలు పోగొట్టకుండా పక్కన నేనుంటా." ఇంత మంచి మాట అన్నందుకు ఆ రోజంతా అతనికి తన మీద తనకే కోపం.

శనివారం తౌనో రాకముందే ఇల్పో బస్సెక్కి తౌనో ఇంటికి వెళ్ళాడు. పన్నెండేళ్ళ సావాసంలో అదే మొదటిసారి. ఇంట్లో ఒకటే కుర్చీ, ఒకటే కప్పు, గోడకి ఒకటే కోటు. ఏవో కాగితాల మీద సంతకం కావాలన్నాడు. ఉన్న ఒక్క కప్పులో ఇల్పో కాఫీ తాగాడు, ఇంకో కప్పు లేక తౌనో జాడీలో తాగాడు. ఇంటికొచ్చి ఇంకా బూట్లు విప్పకముందే ఫోను మోగింది.

"ఇల్పో, నీ గ్లౌజులు ఇక్కడే మరిచిపోయావు."

"అయ్యో, అవునా! ఎక్కడ పెట్టానో ఏమిటో. ఎడమదా?"

"రెండూను. ఒకదాని మీద ఒకటి, మడత పెట్టి, బల్ల మధ్యన." తౌనో గొంతు తగ్గించాడు. "ఒకటే మరిచిపోవాలయ్యా, రెండూ అయితే అనుమానం వస్తుంది. రేపు రా, నేర్పిస్తా. ఇంకో కప్పు కొని పెడతాను."