సీనియారిటీ ప్రకారం తాళాలు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, కంప్యూటర్ తెలిసినవాణ్ణి పని పడ్డప్పుడు దేవుడిలా, పని తీరాక దొంగలా చూసేవారు. ఆరు నెలల్లో ఆ రెండు మర్యాదలూ నాకు దక్కాయి. పెద్దాపురం నుంచి సైకిలు మీద వెళ్ళి వచ్చేంత దూరంలో ఉన్న ఒక చక్కెర ఫ్యాక్టరీ (పేరెందుకు లెండి) నన్ను ఆపరేటరుగా తీసుకుంది. ఆరు నెలల ప్రొబేషన్ గట్టెక్కితే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. ఇరవై రెండేళ్ళవాణ్ణి. కాస్తో కూస్తో బుర్ర, దానికి మించిన పొగరు. ఏసీ గదిలో పసుపు బొట్లు పెట్టిన పెద్ద యంత్రం, దానికి తగిలించిన నాలుగు టెర్మినళ్ళు ఉండేవి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఏ రైతు చెరుకు ఏ రోజు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు రోజూ పొద్దున్నే అందులోంచి అచ్చయ్యేవి. ఆ కాగితం లేని చెరుకు ఫ్యాక్టరీ గేటు దాటదు.

మా సూపరింటెండెంటు గారు ముప్పై ఏళ్ళుగా ఆఫీసు బీరువాల తాళాలు మొలకి కట్టుకు తిరిగిన మనిషి. ఒకరోజు నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"అబ్బాయ్, ఇందులో అందరి ఫైళ్ళూ నీకు తెరుచుకుంటాయంటగా?"

"ఆయ్. యంత్రం చూసుకునేవాడికి తెరుచుకోవాలండి."

"జనరల్ మేనేజరు గారివి కూడానా?"

"ఆయ్."

"మరి నీవి ఆయనకి తెరుచుకుంటాయా?"

"లేదండి. ఆయనకి అవసరం ఉండదండి."

ఆ చివరి మాట నోరు జారకుండా ఉండాల్సింది. మర్నాడు ఆయన సీనియారిటీ జాబితా పట్టుకొచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు. యంత్రం లోపల సొరుగుల్లాంటివి ఉంటాయి. ఒక్కో సొరుగులో ఎవరు చదవచ్చు, ఎవరు రాయవచ్చు అన్నది విడివిడిగా చెప్పాలి. ఆయన జాబితా చదువుతుంటే నేను టైపు చేస్తూ పోయాను. కటింగ్ ఆర్డర్ల సొరుగులో రాసే అధికారం జనరల్ మేనేజరు గారొక్కరికే, చూసే అధికారం సూపరింటెండెంటు గారికి. రోజూ ఆ ఆర్డర్లు తయారుచేసే కేన్ క్లర్కు గారికి ఏమీ లేదు. నేను అందరికన్నా చివర చేరాను కాబట్టి అటెండరు తరవాత నా స్థానం (అటెండరుకి పద్దెనిమిదేళ్ళ సర్వీసు, పాపం ఆయన ఆ గదిలోకి తుడవడానికి తప్ప వచ్చేవాడు కాదు). "క్లర్కు గారు రాయలేకపోతే పని ఆగిపోతుందండి," అన్నాను ఒకసారి. "ఆయన సర్వీసెంత, నువ్వు చెప్పేదెంత," అన్నారు. ప్రొబేషన్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. చివరికి అన్ని సొరుగులనీ తెరిచే పెద్ద పాస్‌వర్డ్ వంతు వచ్చింది. నన్ను గోడవైపు తిరగమని ఆయనే కొత్తది కొట్టి, కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి జనరల్ మేనేజరు గారి బీరువాలో పెట్టించారు.

మర్నాడు కేన్ క్లర్కు గారు నాలుగుసార్లు కొట్టారు. నాలుగుసార్లూ తెర మీద 'పర్మిషన్ డినైడ్' అనే వచ్చింది. రాయగలిగిన జనరల్ మేనేజరు గారు కీబోర్డు ముట్టుకోరు, అది గుమాస్తాల పని. పైగా బీరువా తాళంతో సహా హైదరాబాదు క్యాంపుకి వెళ్ళారు. చేతనైనవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నాయనకి చేతకాదు. మూడు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు వరండా నిండా రైతులే. సామర్లకోట వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన నా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారూ, తోట పూతొచ్చేసిందండి, ఇంకాగితే రసం తగ్గిపోద్దండి. కూలోళ్ళని మాటాడుకున్నానండి, రేపు దాటితే ఇంకో ఊరెళ్ళిపోతారు. ఆ కాయితమేదో కొట్టెయ్యండి."

"పైనుంచి ఉత్తర్వు రావాలయ్యా," అన్నారు సూపరింటెండెంటు గారు, పేపరు లోంచి తల ఎత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఆ యంత్రానికి ఒక దొడ్డిదారి ఉంది. స్విచ్చి ఆపి మళ్ళీ వేసి, మొదట్లోనే సరైన మాట కొడితే ఏ పాస్‌వర్డూ అడగకుండా యజమానిగా ఒప్పుకుంటుంది. అందరూ చూస్తుండగానే ఆ పని చేశాను. క్లర్కు గారికి రాసే అధికారం ఇచ్చాను. అరగంటలో ఆర్డర్లు వచ్చాయి. ముసలాయన కాగితాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం సైకిలు తొక్కుతుంటే నా అంతవాడు లేడనుకున్నాను.

జనరల్ మేనేజరు గారు తిరిగొచ్చి కవరు తీయించారు. సీలు చెక్కుచెదరలేదు. అదే నా నేరమైంది. సీలు పగలగొట్టి ఉంటే చిల్లర దొంగ అని మందలించి వదిలేసేవారేమో. పగలకుండానే లోపలికి వెళ్ళినవాణ్ణి చూసి భయపడ్డారు. మెమో ఇచ్చారు, విచారణ అన్నారు. పక్కనే ఉండి చూసిన కేన్ క్లర్కు గారు తను ఏమీ చూడలేదని సంతకం పెట్టారు. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ప్రొబేషన్ ముగిసిన రోజున నన్ను ఇంటికి పొమ్మన్నారు.

సామాను సర్దుకుంటుంటే సూపరింటెండెంటు గారు వచ్చారు. గొంతు మెత్తగా ఉంది.

"బాబూ, వెళ్ళే ముందు ఆ దొడ్డిదారేదో మూసేసి వెళ్దూ. మాకెవరికీ రాదు కదా."

నన్ను వీధిలో పెట్టిన మనిషి అడుగుతున్నాడు. పొమ్మనాల్సింది. నేను మాత్రం చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. పాస్‌వర్డ్ నాకు చెప్పరు కాబట్టి ఆ దారి మూయడానికి ఆ దారినే లోపలికి దూరాలి, అంటే ఏ నేరానికి తీసేశారో అదే నేరం వాళ్ళ ఎదురుగా మళ్ళీ చేశాను. గంట కూర్చుని శుభ్రంగా బిగించి, రెండుసార్లు సరిచూసి, "అయిందండి, ఇంక నేను కూడా వెళ్ళలేను," అన్నాను. ఆ గొంతులో ఎంత గర్వం ఉందో తలుచుకుంటే ఇప్పుడు నాలో నాకే నవ్వొస్తుంది. ఇంత వయసొచ్చాక ఇవాళ పిలిచి అడిగినా అలాగే చేస్తానేమోనని భయం కూడా వేస్తుంది.